బ్యాండ్లు మారుతూ పోతే సింగర్‌కి పేరు నిలుస్తుందా? రోనీ జేమ్స్ డియో దగ్గర నేను నేర్చుకున్నది

ప్రశ్న ఇది: "నా వయసు 29. హైదరాబాద్‌లో హార్డ్ రాక్ పాడతాను. రెండు బ్యాండ్లు అయిపోయాయి, ఇప్పుడు మూడోది పిలుస్తోంది. వాళ్ల పాత సింగర్‌కి మంచి ఫాలోయింగ్ ఉంది. నన్ను ఆయనతో పోలుస్తారని టెన్షన్‌గా ఉంది. ఇలా బ్యాండ్లు మారుతూ పోతే నాకంటూ పేరు మిగులుతుందా? డియో లాంటివాళ్లు ఎలా నెగ్గుకొచ్చారు?"

మీరు అమెరికన్ రాక్ గాయకుడు డియో పేరు ఎత్తారు కాబట్టి వివరంగానే రాస్తాను. నేను ఇరవై ఏళ్లకు పైగా పాడాను. నాలుగు బ్యాండ్ల ముందు మైకు పట్టుకున్నాను. ఇప్పుడు పిల్లలకు గొంతు పాఠాలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి విన్నది ఆయన్నే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డియో నిలబడింది ఒక్క గొంతు వల్ల కాదు. ఏ బ్యాండ్‌లోకి వెళ్లినా పాట మాటలూ, పాడే వరసా తనవే పట్టుకెళ్లాడు. అవి అక్కడ అక్కర్లేదని తేలినప్పుడు బయటికి వచ్చేశాడు. మీ మూడో బ్యాండ్ గురించి నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు వయసు సంగతి. 29 దాటుతోందని మీరు కంగారు పడుతున్నట్టు మీ రాతలో కనిపించింది. డియో పుట్టింది 1942 జులై 10న. రెయిన్‌బో అనే బ్యాండ్‌తో మొదటి ఆల్బమ్ వచ్చింది 1975లో, అప్పటికి ఆయనకు 33. బ్లాక్ సబ్బాత్ బ్యాండ్‌తో 'హెవెన్ అండ్ హెల్' ఆల్బమ్ 1980లో, 37 ఏళ్లకు. తన సొంత పేరుతో పెట్టిన బ్యాండ్ మొదటి ఆల్బమ్ 'హోలీ డైవర్' 1983 మేలో, 40 ఏళ్లకు. 29 ఏళ్ల వయసులో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలో కోర్ట్‌లాండ్ అనే చిన్న ఊరి చుట్టుపక్కల బార్లలో, కాలేజీల్లో పాడుతున్నాడు. బయట ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ.

కానీ ఆ ఏళ్లు వట్టినే పోలేదు. అసలు పేరు రొనాల్డ్ జేమ్స్ పడవోనా, ఇటాలియన్ మూలాలున్న కుటుంబం. అయిదేళ్ల వయసు నుంచీ ట్రంపెట్ నేర్చుకున్నాడు. గురువు దగ్గర కూర్చుని గాత్రం నేర్చుకున్నది లేదు. తన ఊపిరి పట్టు ట్రంపెట్ నుంచి వచ్చిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఇది మామూలుగా దాటేసే మాట కాదు, కాస్త ఆగి చూడండి. మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదే మనిషిని దగ్గర నుంచి చూసి ఉంటారు. గొంతు బిగించి ఊదితే రెండు పాటలకే పని అయిపోతుంది. గాలి పొట్ట దగ్గర నుంచి రావాలి, పక్కటెముకలు తెరుచుకుని ఉండాలి, వదిలే గాలి ఒకే ఒత్తిడితో నిలకడగా పోవాలి. పెదాల దగ్గర జరిగేది చివరి పని మాత్రమే. డియో పాడేటప్పుడు జరిగేదీ ఇదే. ఆయన గొంతులో గరుకు ఉంటుంది, కానీ దాని కింద స్వరం శుద్ధంగా నిలబడి ఉంటుంది. ఎంత పైస్థాయిలో పాడినా ప్రతి మాటా వినిపిస్తుంది. అరుపు అనుకుని దాన్ని అనుకరించే కుర్రాళ్లు వారం తిరక్కుండా నా దగ్గరికి గొంతు బొంగురు పోయి వస్తుంటారు. వాళ్లకు నేను మొదట చేయించేది పాట కాదు, నెమ్మదిగా సన్నగా గాలి వదలడం.

1957లోనే స్కూల్ స్నేహితులతో మొదటి బ్యాండ్. హైస్కూల్ అయ్యాక ఫార్మసీ చదువుదామని బఫెలో యూనివర్సిటీకి వెళ్లి మధ్యలోనే వచ్చేశాడు. 'డియో' అనే పేరు జానీ డియో అనే మాఫియా మనిషి నుంచి తీసుకున్నాడు. ఇటాలియన్‌లో ఆ మాటకు దేవుడని అర్థం. 60లలో 'రోనీ డియో అండ్ ద ప్రాఫెట్స్' అనే బ్యాండ్‌తో ఊళ్లు తిరిగాడు. తర్వాత అదే జట్టు కొద్ది మార్పులతో ఎలక్ట్రిక్ ఎల్వ్స్ అయింది, ఎల్వ్స్ అయింది, చివరికి ఎల్ఫ్ అయింది. 1968లో వాళ్ల వ్యాన్‌కి ప్రమాదం జరిగి గిటారిస్ట్ నిక్ పాంటాస్ చనిపోయాడు, డియో కూడా గాయపడ్డాడు. మళ్లీ లేచి అదే మనుషులతో కొనసాగారు.

1972లో ఎల్ఫ్ మొదటి ఆల్బమ్ వచ్చింది. దాన్ని ప్రొడ్యూస్ చేసింది డీప్ పర్పుల్ అనే బ్రిటిష్ రాక్ బ్యాండ్‌లోని రోజర్ గ్లోవర్, ఇయాన్ పైస్. ఆ రికార్డు మీద డియో తన స్టేజి పేరు కాక రొనాల్డ్ పడవోనా అనే అసలు పేరు వేయించుకున్నాడు. ఒక్క ఆల్బమ్ మీదైనా ఇంటిపేరు చూసుకుని అమ్మానాన్నలు సంతోషిస్తారని. పేరు నిలుస్తుందా అని మీరు అడిగారు చూడండి, ఆ ప్రశ్న చదవగానే నాకు ముందు గుర్తొచ్చింది ఆ రికార్డు అట్ట.

ఎల్ఫ్ డీప్ పర్పుల్ కచేరీలకు ముందు పాడేది. ఆ పరిచయమే మలుపు. డీప్ పర్పుల్ గిటారిస్ట్ రిచీ బ్లాక్‌మోర్‌కి ఒక పాత పాటను తనదైన తీరులో రికార్డు చేయాలని ఉంది. సొంత బ్యాండ్ ఒప్పుకోలేదు. దాంతో ఎల్ఫ్ మనుషుల్ని పిలిచి రికార్డు చేశాడు. కలిసి ఇంకో పాట కూడా చేశారు, అది బాగా కుదిరింది. 1975లో బ్లాక్‌మోర్ డీప్ పర్పుల్ వదిలి, ఎల్ఫ్‌ని వాళ్ల గిటారిస్ట్ తప్ప మొత్తంగా కలుపుకుని రెయిన్‌బో పెట్టాడు. ఆల్బమ్ వచ్చిన కొద్దికాలానికే డియోని మాత్రం ఉంచుకుని మిగిలిన ఎల్ఫ్ వాళ్లందర్నీ పంపేశాడు.

అభిమానులు ఈ ముక్కని తొందరగా దాటేస్తారు. నేను దాటలేను. ఏళ్ల తరబడి ఒకే వ్యాన్‌లో తిరిగిన మనుషులు వాళ్లు. బ్యాండ్ మారడం అంటే మెట్టు ఎక్కడం ఒక్కటే కాదు, ఎవరినో కింద వదిలి ఎక్కడం కూడా. నా మొదటి బ్యాండ్ వదిలినప్పుడు డ్రమ్స్ వాయించే నా చిన్ననాటి స్నేహితుడు రెండేళ్లు నాతో మాట్లాడలేదు. మీరు రెండు బ్యాండ్లు దాటి వచ్చారు కాబట్టి ఈ బరువు మీకు తెలిసే ఉంటుంది. దాన్ని లెక్కలో వేసుకోండి. పాత బ్యాండ్ వాళ్లతో డబ్బు లెక్కలూ, పాటల హక్కుల లెక్కలూ తేల్చుకునే కొత్త గడప తొక్కండి.

రెయిన్‌బోలో డియోకి దొరికింది చోటు. బ్లాక్‌మోర్ వాయించేదాంట్లో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నీడ ఎప్పుడూ ఉండేది. దాని మీద డియో కోటలు, మాంత్రికులు, రాజ్యాలు ఉన్న కథలు అల్లాడు. 1976లో వచ్చిన 'రైజింగ్' ఆల్బమ్‌లో ఆరే పాటలు, మొత్తం అరగంట పైచిలుకు. అందులో 'స్టార్‌గేజర్' ఒక్కటే ఎనిమిది నిమిషాలు దాటుతుంది. మ్యూనిక్ ఆర్కెస్ట్రా వెనక మోగుతుంటే, కోజీ పావెల్ డ్రమ్స్ బండలు మోస్తున్నట్టు నడుస్తుంటే, ఒక మాంత్రికుడు ఎగరడం కోసం బానిసల చేత గోపురం కట్టించే కథ సాగుతుంది. డియో ఆ కథను మాంత్రికుడి వైపు నుంచి చెప్పడు, ఎండలో రాళ్లు మోసే బానిస వైపు నుంచి పాడతాడు. పాట చివర మాంత్రికుడు పైనుంచి పడిపోతాడు. ఆ తర్వాతి రెండు నిమిషాలు డియో గొంతులో వినిపించేది గెలుపు కాదు, ఇన్నాళ్లు దేన్ని నమ్మామా అని వెతుక్కునే మనిషి కేక. హార్డ్ రాక్‌లో ఒక పాత్రలోకి దిగి పాడటం అంటే ఏంటో తెలియాలంటే నా పిల్లలకు నేను వినిపించేది ఇదే. మన పద్యనాటకాల్లో హరిశ్చంద్రుడి వేషం కట్టినాయన కాటి సీన్‌లో రాగం ఎత్తుకుంటే జనం ఎందుకు కదలకుండా కూర్చునేవారో, అదే లక్షణం ఇక్కడా ఉంది. రాగం పొడుగు కాదు కట్టిపడేసేది, ఆ బాధ ఎవరిదో పాడేవాడికి తెలిసి ఉండటం.

మూడో స్టూడియో ఆల్బమ్ 1978లో. అప్పటికి బ్లాక్‌మోర్‌కి రేడియోలో ఆడే చిన్న పాటలు, ప్రేమ పాటలు కావాలనిపించింది. డియోకి అది ఇష్టం లేదు. 1979 మొదట్లో బయటికి వచ్చేశాడు. ఆయన స్థానంలో వచ్చిన గ్రాహం బానెట్‌తో రెయిన్‌బో అదే ఏడాది పెద్ద హిట్ కొట్టింది. అంటే వ్యాపారం వైపు చూస్తే బ్లాక్‌మోర్ లెక్క తప్పు కాదు. కానీ ఆ పాటలు డియో పాడి ఉంటే ఈరోజు మనం ఆయన గురించి మాట్లాడుకునేవాళ్లం కాదని నా నమ్మకం.

ఇక మీ ప్రశ్నకు గుండెకాయ లాంటి భాగం, బ్లాక్ సబ్బాత్. 1979లో తన సింగర్ ఓజీ ఆస్‌బోర్న్‌ని ఆ బ్యాండ్ తీసేసింది. దాదాపు పదేళ్లు ఆ బ్యాండ్ అంటే ఓజీ, ఓజీ అంటే ఆ బ్యాండ్. అలాంటి చోట నిలబడాలి. మీ మూడో బ్యాండ్ టెన్షన్‌కి ఇంతకంటే పెద్ద రూపం ఏముంటుంది? డియో ఓజీలా పాడటానికి ప్రయత్నించనే లేదు. ఓజీ తీరులో బలం ఏంటంటే, గిటారిస్ట్ టోనీ అయోమీ వాయించే రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస, ఎటు పోతే గొంతూ అటే పోయేది. ఆ పాటలకు అది మంత్రంలా పట్టేది. డియో వచ్చాక గొంతు రిఫ్ వెంట పోవడం మానేసి దానికి అడ్డంగా, దాని మీదుగా తన సొంత వరసలో పోవడం మొదలైంది. తమకు కొత్త తలుపు తెరుచుకున్నట్టయిందని అయోమీ కూడా తర్వాత ఇదే విషయం చెప్పుకొచ్చాడు. ఇంకో సంగతి, ఓజీ రోజుల్లో పాటల మాటలు ఎక్కువగా రాసింది బేస్ వాయించే గీజర్ బట్లర్. డియో వచ్చాక మాటల పని మొత్తం డియోదే. ఆ బ్యాండ్‌లో నిజానికి ఖాళీ అయింది ఒక కుర్చీ, డియో కూర్చున్నది రెండింటిలో.

'హెవెన్ అండ్ హెల్' అనే పాటను ఈ చెవితో మళ్లీ వినండి. గిటార్ రిఫ్ గట్టిగా మొదలవుతుంది. డియో పాడటం మొదలుపెట్టగానే గిటార్ దాదాపు పక్కకు తప్పుకుంటుంది. కింద బేస్, డ్రమ్స్ మాత్రం అడుగులు వేస్తుంటాయి. ప్రపంచంలోకెల్లా బరువైన గిటార్ ఉన్న బ్యాండ్, కొత్తగా వచ్చిన సింగర్ కోసం చోటు ఖాళీ చేసింది. అడిగితే ఇచ్చే చోటు కాదది. మీ దగ్గర పాడటానికి మీదైన వరస ఉన్నప్పుడే అవతలివాళ్లు వాయించడం తగ్గిస్తారు.

ఇక్కడ నా సొంత దెబ్బ ఒకటి చెప్పాలి. నా రెండో బ్యాండ్‌లో నేను చేరింది అందరికీ ఇష్టమైన ఒక సింగర్ స్థానంలో. ఆయన శ్రుతి నాకంటే ఎక్కువ. ఎనిమిది నెలలు ఆయనలాగే పాడాను, ఆయన పాటలు ఆయన శ్రుతిలోనే. అర మెట్టు దించి వాయించమని అడిగితే ఆ బ్యాండ్ వాళ్లు ఒప్పుకోలేదు. జనం మెచ్చుకున్నారు కూడా. అచ్చం ఆయనలాగే ఉందని అన్నారు. తొమ్మిదో నెలలో ఒక ఉదయం లేచేసరికి గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. ఇ.ఎన్.టి. డాక్టర్ స్వరతంతువులు వాచాయని చూపించి ఆరు వారాలు మౌనంగా ఉండమన్నారు. ఆ ఆరు వారాలూ నేను నోట్‌బుక్‌లో రాసి చూపిస్తూ ఇంట్లో బతికాను. ఆ ఎనిమిది నెలల్లో నేను పాడినవాటిలో ఒక్కటీ నాదని చెప్పుకోవడానికి మిగల్లేదు. పోలికకు భయపడి పోలికలోకే దూరితే గొంతూ పోతుంది, పేరూ పోతుంది. ఇది నేను ఎవరో చెప్పగా విన్నది కాదు, అనుభవించింది.

డియో స్టేజి మీద కూడా ఇదే పాటించాడు. ఓజీ జనం వైపు రెండు వేళ్లు చూపించే శాంతి గుర్తుకు ప్రసిద్ధి. డియో వేదిక ఎక్కితే జనం అదే గుర్తు చూపిస్తున్నారు. తిరిగి అదే చూపిస్తే ఓజీని కాపీ కొట్టినట్టు. అందుకని చూపుడు వేలూ చిటికెన వేలూ ఎత్తి, మధ్య రెండు వేళ్లు ముడిచి చూపించడం మొదలుపెట్టాడు. అది ఆయన ఇటాలియన్ నానమ్మ దిష్టి తగలకుండా చేసే సైగ. ఎవరైనా చెడు చూపు చూశారనిపిస్తే ఆవిడ వీధిలో కూడా అలా చేసేదట. ఈ రోజు ప్రపంచంలో ఏ రాక్ కచేరీకి వెళ్లినా జనం ఎత్తేది ఆ నానమ్మ చెయ్యే. దాన్ని దెయ్యం గుర్తు అనేవాళ్లకు నేను ఈ కథ చెబుతుంటాను. దిష్టి తీసే ఇళ్లలో పెరిగినవాళ్లం, మనకు ఆ నానమ్మను అర్థం చేసుకోవడం కష్టం కాదు. తానే కనిపెట్టానని డియో గొప్పలు చెప్పుకోలేదు, ఎక్కడి నుంచి వచ్చిందో ప్రతిసారీ చెప్పాడు.

సబ్బాత్‌తో రెండో ఆల్బమ్ 'మాబ్ రూల్స్' 1981లో. తర్వాత 1982లో లైవ్ ఆల్బమ్ మిక్సింగ్ దగ్గర గొడవ. గొంతు, డ్రమ్స్ సౌండ్ డియో దొంగచాటుగా పెంచుతున్నాడని అవతలివాళ్ల అనుమానం, అది అబద్ధమని డియో. అయోమీ, బట్లర్ ఒక వైపు, డియో, డ్రమ్మర్ విన్నీ అపీస్ ఒక వైపు అయి విడిపోయారు. మిక్సింగ్ గొడవల్లో నేనూ ఉన్నాను. అక్కడ తగువు సౌండ్ పెంచి తగ్గించే ఫేడర్ గురించి ఉండదు, ఈ బ్యాండ్ ఎవరిది అనే దాని గురించి ఉంటుంది.

ఆ తర్వాత ఆ మైకు దగ్గరకు ఎవరెవరు వచ్చారో కూడా చూడండి. 1983లో డీప్ పర్పుల్ ఇయాన్ గిలన్ వచ్చాడు. అంత గొప్ప గాయకుడు ఒక ఆల్బమ్, ఒక టూర్ చేసి, 1984లో మళ్లీ తన పాత బ్యాండ్‌కే వెళ్లిపోయాడు. తర్వాత టోనీ మార్టిన్ 1987 నుంచి 1995 వరకు అయిదు స్టూడియో ఆల్బమ్‌లు పాడాడు. ఆయన కూడా వరసలు, మాటలు రాసినవాడే, నాకు ఆయన పాటలు ఇష్టం కూడా. అయినా డియో తిరిగి వస్తున్నాడనగానే ఆయన్ని పక్కన పెట్టారు, డియో వెళ్లాక మళ్లీ పిలిచారు. కాబట్టి సొంత మాటలు రాసుకుంటే చాలు అని నేను అనను. మార్టిన్‌కి లేనిది, డియోకి ఉన్నది ఒకటుంది. బయటికి వచ్చేస్తే వెళ్లడానికి సొంత ఇల్లు.

ఆ ఇల్లు 1982లో కట్టుకున్నాడు. బ్యాండ్ పేరే డియో. విన్నీ అపీస్‌ని సబ్బాత్ నుంచి తనతో తెచ్చుకున్నాడు. రెయిన్‌బోలో కలిసి పనిచేసిన జిమ్మీ బెయిన్‌ని బేస్ మీదకు పిలిచాడు. బెల్‌ఫాస్ట్ నుంచి వివియన్ క్యాంప్‌బెల్ అనే ఇరవై ఏళ్ల గిటార్ కుర్రాణ్ని తెచ్చాడు. భార్య వెండీ మేనేజర్. 'హోలీ డైవర్' ప్రొడ్యూసర్ డియోనే. అందులో 'రెయిన్‌బో ఇన్ ద డార్క్' అనే పాట ఉంది కదా, ఆ కీబోర్డ్ వరస మరీ పాప్ పాటలా ఉందని, టేపుని బ్లేడుతో కోసేద్దామనుకున్నాడు. మిగిలినవాళ్లు ఆపారు. చివరికి ఆయన పాటల్లో జనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్న వాటిలో అదొకటి అయింది. అంటే సొంత అభిప్రాయం మీద నిలబడే మనిషికి కూడా, ఆపగలిగే మనుషులు గదిలో ఉండాలి.

ఆ ఇంట్లో పగుళ్లూ వచ్చాయి. మూడో ఆల్బమ్ తర్వాత 1986లో క్యాంప్‌బెల్ వెళ్లిపోయాడు. మొదట్లో జీతం తక్కువైనా తర్వాత వాటా ఇస్తామన్నారని, ఆ మాట నిలబెట్టుకోలేదని అతను ఏళ్ల తరబడి బయటే చెప్పాడు. ఇద్దరి మధ్యా చేదు చివరిదాకా పోలేదు. నేను డియో అభిమానినే, కానీ ఈ విషయంలో ఆ కుర్రాడి బాధ నాకు న్యాయంగానే అనిపిస్తుంది. బ్యాండ్‌కి ఒకరి పేరు పెట్టాక మిగిలినవాళ్లు ఎంత గొప్పగా వాయించినా ఉద్యోగులైపోతారు. మీరు రేపు సొంత బ్యాండ్ పెడితే వాటాల సంగతి మొదటి రిహార్సల్ కంటే ముందే కాగితం మీద రాసుకోండి.

80ల రెండో సగంలో డియో మాటల్లో ఇంద్రధనుస్సులు, మంటలు, చీకట్లు మరీ ఎక్కువసార్లు తిరిగొచ్చాయి. స్టేజి మీదకు పెద్ద డ్రాగన్ బొమ్మ వచ్చింది, పాటలు మాత్రం దాని ముందు చిన్నబోయాయి. అదే కాలంలో ఆఫ్రికా కరువు బాధితుల కోసం బెయిన్, క్యాంప్‌బెల్ ఆలోచనతో నలభై మంది దాకా మెటల్ కళాకారుల్ని ఒకచోట చేర్చి పాట రికార్డు చేయించాడు. అది మంచి పని. 90లు ఆయనకు కష్టకాలం. సంగీతం గాలి మారింది, హాళ్లు చిన్నవయ్యాయి. అయినా పాడుతూనే ఉన్నాడు.

1992 గురించి మాత్రం కాస్త ఆగాలి. సబ్బాత్ మళ్లీ పిలిచింది, 'డీహ్యూమనైజర్' అనే ఆల్బమ్ చేశారు. నా చెవికి అది వాళ్లు చేసినవాటిలో చాలా బరువైనది. అదే ఏడాది నవంబర్‌లో ఓజీ రిటైరవుతున్నానని ప్రకటించి, కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో చివరి కచేరీలు పెట్టుకున్నాడు. తన ముందు వచ్చి పాడమని సబ్బాత్‌ని అడిగాడు. బ్యాండ్ సరేనంది. డియో ఒప్పుకోలేదు. బ్యాండ్ వదిలేశాడు. ఆ రెండు రాత్రులూ జూడాస్ ప్రీస్ట్ బ్యాండ్ గాయకుడిగా పేరున్న రాబ్ హాల్ఫర్డ్ వచ్చి పాడాడు. అహంకారం అన్నారు కొందరు. నేను అలా అనుకోను. పన్నెండేళ్లు పోలికకు లొంగకుండా నిలబడిన మనిషి, అవతలి మనిషి ముందు పాడే వార్మప్ బ్యాండ్‌గా ఆ ముద్ర వేయించుకోవడానికి ఎందుకు ఒప్పుకుంటాడు? వెనక్కి వెళ్లడానికి సొంత బ్యాండ్ ఉంది కాబట్టే కాదనగలిగాడు. మరుసటి ఏడాదికల్లా తన బ్యాండ్‌తో ఇంకో ఆల్బమ్ తెచ్చాడు.

2006లో అయోమీ, బట్లర్, అపీస్, డియో నలుగురూ మళ్లీ కలిశారు. ఈసారి పేరు బ్లాక్ సబ్బాత్ కాదు, హెవెన్ అండ్ హెల్. టూర్లలో డియో కాలం పాటలే పాడారు, ఓజీ పాట ఒక్కటీ లేదు. 1980లో ఆయన అప్పు తెచ్చుకున్న పేరు కింద పాడాడు. 2006కి ఆయన రాసిన పాటే ఆ బ్యాండ్‌కి పేరైంది. 2009లో వాళ్ల ఆల్బమ్ అమెరికా బిల్‌బోర్డ్ జాబితాలో 8వ స్థానంలోకి వచ్చింది. అప్పటికి ఆయనకు 66. ఆ వేసవి కచేరీల వీడియోలు చూడండి. పాత పైస్థాయిలు కొన్ని తగ్గాయి, కానీ ఊపిరి, మాట, నిలకడ అలాగే ఉన్నాయి. అదే ఏడాది నవంబర్‌లో కడుపు క్యాన్సర్ అని తెలిసింది. 2010 మే 16న హ్యూస్టన్‌లో పోయాడు. ఆయన పేరు మీద భార్య వెండీ క్యాన్సర్ నిధి పెట్టి నడుపుతున్నారు.

ఇప్పుడు మీ మూడో బ్యాండ్. వాళ్లతో మాట్లాడేటప్పుడు పారితోషికం కంటే ముందు ఒకటి అడగండి: కొత్త పాటల మాటలు, వరసలు ఎవరు రాస్తారు? "మా గిటారిస్టే అన్నీ రాస్తాడు, మీరు పాడితే చాలు" అంటే అది ఉద్యోగం. తప్పేం కాదు, డబ్బు బాగుంటే చేయండి, కానీ పేరు ఆశించకండి. "మాకు రిఫ్‌లు ఉన్నాయి, వాటి మీద ఏం పాడాలో తెలియడం లేదు" అంటే వెంటనే వెళ్లండి. మీకోసం ఖాళీగా ఉన్న చోటు అదే. పాత సింగర్ పాటలు మీ శ్రుతికి దించి వాయిస్తారా అని కూడా అడగండి. దించం అంటే నా ఆరు వారాల మౌనం గుర్తు చేసుకోండి. ఆయన పాటల్లో రెండు మూడు ఉంచి, ఆరు నెలల్లో సగం కచేరీ కొత్త పాటలతో నింపేలా మాట తీసుకోండి. జనం పోలుస్తారు, పోల్చనివ్వండి. కొత్త పాట పాడుతున్నప్పుడు పోల్చడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు.

ఈ వారం ఒక పని చేయండి. వాళ్ల దగ్గర సింగర్ లేక మూలపడి ఉన్న రిఫ్ ఒకటి ఫోన్‌లో రికార్డు చేసి తెచ్చుకోండి. గిటార్ పోయిన దారిన పోకుండా, దానికి అడ్డంగా ఒక వరస కట్టండి. మాటలు తెలుగులో వస్తే తెలుగులోనే రాయండి. రాత్రిపూట గట్టిగా పాడలేకపోతే ముందు సన్నగా పాడి ఊపిరి ఎక్కడ సరిపోవడం లేదో గుర్తు పెట్టుకోండి, ఆ చోట మాట కుదించండి. అది పట్టుకుని రిహార్సల్‌కి వెళ్లి పాడండి. మీరు పాడుతుండగా గిటారిస్ట్ తన సౌండ్ తగ్గించుకున్నాడో, ఇంకా పెంచాడో గమనించి, ఆ రికార్డింగ్‌తో పాటు నాకు రాయండి. తప్పకుండా వింటాను.